పేలమందు కుండ

డిసెంబరు 27, 1936

క్రిస్మసుకు మొయినాబాద్ దవాఖాన డాక్టరమ్మ బడి పంతుళ్ళందరికీ తలా ఒక సంచి పంచింది. నా సంచిలో అక్రోట్లు వచ్చాయి. కొన్ని వేళ్ళతో నొక్కితేనే విరిగాయి. కొన్నిటికి రోకలి తేవలసి వచ్చింది. పప్పు కూడా ఒకదాంట్లో తెల్లగా, ఒకదాంట్లో నల్లగా ఉంది. ఒకే సంచిలో ఇన్ని రకాలు ఎందుకమ్మా అని అడిగితే, వాటి తల్లిదండ్రులు వేరువేరు కదా అంది డాక్టరమ్మ. మరి పలచని పెంకు కాయను నాటితే పలచని పెంకు కాయలే కాస్తాయా అని అడిగాను. ఆమె నవ్వి, గింజల గుణాల మీద ఏదో పాత పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది.

మా అమ్మాయితో సహా ఇంట్లో అందరూ పప్పు తిన్నారు. నేను నాలుగు కాయలు విరగ్గొట్టకుండా దాచాను. "తిండిని గూడ నాటుకునే మొగన్ని నేనే చూసిన," అంది పద్మమ్మ. పెళ్ళయిన ఇన్నేళ్ళకు కూడా నన్ను చూసి నవ్వుకునే ఓపిక ఉంది నా భార్యకు.

మే 19, 1937

అక్రోట్ మొక్కలు చచ్చాయి. జానెడు ఎదిగి, ఎండలు ముదరగానే మాడిపోయాయి. చలిదేశపు బిడ్డలు, మన ఎండకు ఎట్లా తట్టుకుంటాయి. నేనేం బాధపడటం లేదు.

మే 20

బాధపడుతున్నాను.

అక్టోబరు 5, 1937

నన్ను కన్న అవ్వ పట్నం నుంచి పొద్దుగూకాక వచ్చింది. గంప ఖాళీగా ఉంటే అన్నీ అమ్ముడుపోయాయేమో అనుకున్నాను. "సగం పండ్లు మూసీల పారబోసిన కొడుకా. దార్లనే పగిలి నీళ్ళయినయ్," అంది. నా చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. జొన్న ఇంటికి రాకముందు మా కనకమామిడి వాడలో ఆడవాళ్ళకు చిల్కూరు గుట్ట సీతాఫలమే దిక్కు. తీపికి తిరుగులేదు. నిలకడే లేదు. పండిన మరునాటికి పగులుతుంది.

అవ్వ గంపను అటక మీదికి ఎక్కించింది. "ఇగ నేను పట్నం మొకం చూడ," అంది. అటక వైపు చూస్తే నాకు అన్నం దిగలేదు.

అజీజ్‌నగర్ దగ్గర ఒక తోటలో ఎర్ర సీతాఫలం చెట్టు ఉంది. చిగురు ఎరుపు, కాయ ఎరుపు. తోలు మందం, నాలుగైదు రోజులు పగలదు. కాని తింటే గడ్డి నమిలినట్టే. ఒకదానికి తీపి ఉంది, ఒకదానికి నిలకడ ఉంది. రెండూ ఒకే కాయలోకి వస్తే అవ్వ గంప నిండుగా పట్నం చేరుతుంది. నాకు కావలసింది అంతే.

జూలై 12, 1938

సీతాఫలం పువ్వుకు ఒక పెంకితనం ఉంది. విచ్చిన పొద్దు అది ఆడది, మరునాటికి మగది. తనను తాను కలుసుకోదు. అజీజ్‌నగర్ తోటమాలిని బతిమాలి, ఎర్రచెట్టు పువ్వుల పుప్పొడి ఆకులో మడిచి తెచ్చాను. బడి కంచెలోని గుట్టరకం చెట్టు పువ్వులకు కోడి ఈకతో అద్ది, పద్మమ్మ పాత చీర చించి గుడ్డలు కట్టాను.

వాడంతా వచ్చి చూసింది. "సీతాఫలానికి లగ్గం చేస్తున్నడు మన శాంతయ్య పంతులు. బువ్వలెప్పుడు పంతులూ?" అన్నాడు పక్కింటి యాదయ్య. అందరితో పాటు నేనూ నవ్వాను. లోపల మండింది.

జూన్ 22, 1939

ఆ కాయల గింజలు ఇవాళ బడి వెనుక నాటాను.

బఠానీలు నాటి చూసిన ఒక సన్యాసి సంగతి డాక్టరమ్మ పుస్తకంలో ఉంది. తల్లి గుణం ఒకటి, తండ్రి గుణం ఒకటి బిడ్డకు వస్తాయట. ఒకటి పైకి కనబడుతుంది, రెండోది లోపల దాక్కుంటుంది. ఆ బిడ్డకు పుట్టిన మనవల్లో, నాలుగింట ఒకరిలో దాక్కున్నది బయటికి వస్తుందట. మఠంలో కూర్చుని ఇంత కనిపెట్టాడు. మా చర్చి అయ్యగారు ఆదివారం ప్రసంగం కూడా నిరుటిదే చెప్తారు.

ఆగస్టు 3, 1940

చెదలు కొన్ని తిన్నాయి, మేకలు కొన్ని తిన్నాయి. ఒక్క మొక్క మిగిలింది. కాని దాని చిగురు ఎర్రగా ఉంది. తండ్రి పోలిక. లగ్గం ఉత్తది కాదు.

జూలై 9, 1942

నా చెట్టు పూసింది. దాని నిన్నటి పువ్వు పుప్పొడి దాని ఇవాళ్టి పువ్వుకే అద్ది గుడ్డ కట్టాను. ఇంకే చెట్టుదీ కలవకూడదు. ఒక్క పిందె నిలిచింది. ఆ ఒక్కదాని గింజల్లోనే మనవలంతా ఉన్నారు.

అక్టోబరు 11, 1942. ఆదివారం

ఇవాళ్టిది రాయాలని లేదు. అయినా రాస్తాను.

ఇవాళ మొయినాబాద్ చర్చి గుడిలో కోతపండుగ. జొన్న కంకులు, గుమ్మడికాయలు, కోళ్ళు, ఎవరి మొదటి పంట వాళ్ళు తెచ్చి పెట్టారు. ప్రార్థన అయ్యాక ఎప్పటిలాగే వాకిట్లో వేలంపాట మొదలైంది. గుడి పెద్దమనిషి గంపలోంచి ఒక ఎర్ర సీతాఫలం తీసి పైకెత్తాడు.

అది నా చెట్టుదే. అజీజ్‌నగర్ తోటలో తప్ప ఈ చుట్టుపక్కల అట్లాంటి పండు ఇంకొకటి లేదు. తేరుకుని పాట పెంచబోతే, వెనుక నుంచి అవ్వ నా చొక్కా పట్టి గుంజింది. "ఇచ్చినోళ్ళే ఎనుకకు కొనుక్కుంటరా? దేవునితోటి బేరమా?" అంది.

గేటు దగ్గర ఒంటికొమ్ము ఎద్దును పట్టుకుని తమాషా చూస్తున్న రైతు ఒకడు పాట పాడి, పండును కండువాలో కట్టుకుని వెళ్ళిపోయాడు. చేవెళ్ళ మనిషట.

ఇంటికి వచ్చి అరిచాను. నా పండు ఎందుకు కోశావన్నాను.

"పండు కండ్లు తెరిసింది, కోతకొచ్చింది. ఇంకో దినముంటె ఉడుత తింటది. గంప ఎత్తినన్నేండ్లు మొదటి పండు దేవునికే ఇచ్చిన. నీ చెట్టుకు వేరే దేవుడా?" అంది అవ్వ. తర్వాత మెల్లగా, "వచ్చే ఏడు మల్ల కాయదా ఏంది?" అంది.

"కాస్తది!" అని అరిచి బయటికి వచ్చాను.

అక్టోబరు 14

చేవెళ్ళ పోయి ఆ రైతును వెతకనా? ఎందుకు, చెట్టు ఉంది కదా. వచ్చే ఏడు పది కాయలు కాస్తుంది. నాకు కోపం లేదు.

నవంబరు 20

అవ్వతో నేను మాట్లాడటం మానలేదు. మాట్లాడవలసిన పని పడటం లేదు, అంతే.

డిసెంబరు 25

అవ్వ అరిసెలు చేసింది. బాగున్నాయని పద్మమ్మతో అన్నాను, అవ్వకు వినబడేటట్టు. ఇది మాట్లాడటం కిందికి రాదు.

ఏప్రిల్ 18, 1943

వాడ బావి అడుగంటింది. ఆడవాళ్ళు వాగు దాకా పోయి, ఇసుకలో చెలిమె తవ్వి నీళ్ళు తెస్తున్నారు. నేనూ తెస్తున్నాను, చెట్టుకు. అందరూ పోయాక పోతాను. అది ఒక్కటే పచ్చగా ఉంది.

ఏప్రిల్ 27

నీళ్ళు చూసే ఎల్లేశ్‌ను పిలిపించారు. పంగలకర్ర పట్టుకుని వాడంతా తిరిగి, బడి వెనక్కి వచ్చి, నా చెట్టు దగ్గర ఆగాడు.

"ఇంత ఎండల ఇంత పచ్చగున్నదంటె కింద గంగమ్మ ఉన్నట్టే. ఈడనే తవ్వుండ్రి," అన్నాడు.

"గంగమ్మ కాదు, నేను! రోజూ రెండు కుండలు నేనే పోస్తున్న!" అన్నాను.

అందరూ నవ్వారు. "చెట్టు మీది మమకారానికి పంతులు గూడ అబద్ధమాడుతున్నడు," అన్నాడు యాదయ్య. అప్పుడు ఖాళీ బిందెతో నిలబడ్డ ఆడవాళ్ళలోంచి అవ్వ ముందుకు వచ్చింది. "నా కొడుకు చెప్పేది నిజమే. ఇంకో జాగ చూడు ఎల్లేశా," అంది.

ఎల్లేశ్ ఇంకో రెండుచోట్ల తిరిగాడు. కర్ర వంగలేదట. మళ్ళీ నా చెట్టు దగ్గరికే వచ్చాడు. అందరూ నా మొహం చూశారు. పొద్దున్నుంచి రెండుసార్లు వాగుకు పోయి వచ్చిన ఆడవాళ్ళు. వాళ్ళ కాళ్ళు చూశాను. తవ్వుకోండి అన్నాను.

అవ్వకు ఏదో చెప్పాలనుకున్నాను. చెప్పలేదు.

మే 2

చెట్టును వేళ్ళతో సహా పెళ్ళగించి ఇంకో గుంతలో పాతిపెట్టాను. కొమ్మలు నాటాను, అంటు కూడా కట్టాను.

మే 11

అన్నీ ఎండిపోయాయి.

మే 16

బావిలో నీళ్ళు పడ్డాయి. తియ్యటి నీళ్ళు. వాడంతా ఎల్లేశ్‌ను ఎత్తుకుని తిరిగారు. వాణ్ణి చూస్తే కోపం వస్తోంది. నీళ్ళు తాగితే తగ్గుతోంది.

మే 17

చెట్టు పోయింది. ఇక ఆ గింజలు తప్ప ఏమీ మిగల్లేదు. ఏడు నెలలు పంతానికి పోయి ఇంట్లో కూర్చున్నాను. ఈపాటికి ఏ పెంటకుప్ప మీదనో పడి ఉంటాయి. అయినా రేపు చేవెళ్ళ పోతాను.

మే 18

ఒంటికొమ్ము ఎద్దు ఎవరిదని అడుగుతూ పోతే బాల్‌రాజ్ అనే కాపు ఇల్లు చూపించారు. వాకిట్లో నిలబడ్డాను. ఆయన అరుగు మీద కూర్చున్నాడు. మా రెండు వాడల మధ్య మర్యాద అది. నేను దాని గురించి పోలేదు.

"గా ఎర్రపండా? యాదికున్నది పంతులూ," అన్నాడు. "తెచ్చి అటక మీద పెట్టి మర్చిన. మూడొద్దులు పట్నం పోయొచ్చి చూస్తె అట్లనే ఉన్నది. పగల్లే, చీమ ముట్టలే. గుట్టపండైతె తెల్లారెటాల్లకు నీళ్ళయ్యేది."

నా గుండె ఎగిరింది. "తీపి ఎట్లుండె?" అన్నాను.

"సప్పగ. తిన్నమంటె తిన్నం."

నిలకడ వచ్చింది, తీపి రాలేదు. అయిదేళ్ళ పనికి ఒక్క మాటలో తీర్పు చెప్పేశాడు. కాని తీపి పోలేదు, దాక్కుంది. పుస్తకం నిజమైతే ఆ గింజల్లో ఉంది. గింజలు ఏం చేశారని అడగటానికి నాకు భయం వేసింది. అడిగాను.

లోపలి నుంచి ఆయన భార్య కౌసల్యమ్మ పలికింది. "సీతాఫలం గింజలు ఎవరన్న పారేస్తరా? పేలమందు కుండల ఉన్నయి."

నా నెత్తి నేను కొట్టుకున్నాను. ఆ గింజలు ఎండబెట్టి, నూరి, నూనెలో కలిపి తలకు పట్టిస్తే పేలు చస్తాయి. మా పద్మమ్మ కూడా ఏటేటా అదే చేస్తుంది. పుస్తకాలు చదివిన బుర్రకు ఇంట్లో సంగతి తట్టలేదు.

కౌసల్యమ్మ కుండ తెచ్చి చూపించింది. "మొన్ననే మా అత్త తలకు దోసెడు నూరిన," అంది. కుండలో ఆ ఏడు తిన్న పండ్ల గింజలన్నీ కలిసి ఉన్నాయి. అన్నీ నల్లవే, అన్నీ ఒక్క తీరే. నావి నూరిన దోసెట్లో పోయాయో, మిగిలినవాటిలో ఉన్నాయో. కుండ మొత్తం ఇవ్వమ్మా అని అడిగాను.

ఆమె బుగ్గన వేలు పెట్టుకుంది. "మీ ఇంట్ల గన్ని పేలున్నయా పంతులూ?"

చెట్లకు పెండ్లి చేస్తానని చెప్తే కుండ ఇస్తుందో, ఎద్దును వదులుతుందో తెలియలేదు. "నా భార్యకమ్మా," అన్నాను. "శానా ఉన్నయి."

"అయ్యో పాపం," అని కుండ నా ముందు దించింది. లోపలికి పోయి ఒక సన్నపళ్ళ దువ్వెన కూడా తెచ్చి ఇచ్చింది.

మే 23

పద్మమ్మకు తెలిసింది. చేవెళ్ళ అంగడిలో ఈమె పంతులు భార్యని ఎవరో చెప్తే, కౌసల్యమ్మ అందరి ముందు, పేలు తగ్గినయా అక్కా అని అడిగిందట. ఇంట్లో ఇప్పుడు ఎవరూ ఎవరితో మాట్లాడటం లేదు. దువ్వెన మాత్రం బాగుందట, తన దగ్గరే పెట్టుకుంది.

జూన్ 19

వాన పడింది. కుండలోని గింజలన్నీ కొత్త బావి పక్కన మడి చేసి నాటాను. గుట్ట గింజలు మొలిస్తే చిగురు పచ్చగా ఉంటుంది. నావి మొలిస్తే నాలుగింట మూడిటికి ఎర్రగా ఉండాలి. పుస్తకం అట్లా అంటోంది.

జూలై 8

ఏమీ లేదు.

జూలై 13

ఏమీ లేదు. కోళ్ళు మడి కెలకకుండా అవ్వ కర్ర పట్టుకుని కూర్చుంటోంది. పొమ్మని ఎవరూ చెప్పలేదు. నేను బడిలో పాఠం చెప్తూ కిటికీలోంచి చూస్తున్నాను. వానలో కూడా లేవలేదు. గోనెసంచి నెత్తిన వేసుకుంది.

జూలై 20

మొలిచాయి! పచ్చవి.

జూలై 22

ఇంకా మొలిచాయి. అన్నీ పచ్చవే. "ఉత్త పుణ్యానికి నా నెత్తిల పేలు పోసినవ్," అంది పద్మమ్మ. అన్నది తిట్టే, కాని మాట్లాడింది.

జూలై 25

పచ్చవే.

జూలై 30

పొద్దున మడి దగ్గరికి పోవాలనిపించలేదు. పోయాను. మూలన, ఆలస్యంగా లేచిన మొలక ఒకటి గింజ తోలు ఇంకా నెత్తిన పెట్టుకునే ఉంది. వేలితో మెల్లగా తీశాను. లోపల ఎరుపు. దాని పక్కన ఇంకొకటి. మట్టి పైకి లేస్తూ ఇంకో రెండు.

"అవ్వా!" అని అరిచాను.

బిందె అక్కడే వదిలి పరుగున వచ్చింది. నన్ను పాము కరిచిందనుకుందట. దగ్గరికి వచ్చి నిలబడి, "పిలిసినవా?" అంది.

"పిలిచిన," అన్నాను.

మడి పక్కన కూర్చుని మొలకను చాలాసేపు చూసింది. "ఆ చెట్టు బిడ్డలే," అంది. తీపి దాక్కుని ఉందని, వీటిలో ఏదో ఒకదాంట్లో బయటపడవచ్చునని నేను చెప్పాను. పుస్తకంలో ఉన్నదంతా చెప్పాను. ఎన్ని నెలల మాటలో, ఆగలేదు. అవ్వ అంతా విని, "దీనికి పుస్తకం దేనికి?" అంది. "మీ తాత పిల్లికండ్లు మీ బాపుకు రాలే, నీకు రాలే. నీ బిడ్డకొచ్చినయ్. నడుమ ఏడికి పోయినయ్ మరి?"

ఒకటి రాయాలి. ఆ పండు నా చేతికి వచ్చి ఉంటే, వానల దాకా ఆగకుండా గింజలన్నీ అప్పుడే ఆ చెట్టు నీడలో నాటేవాణ్ణి. బావి తవ్విన మట్టి కింద పడేవి. అవ్వకు ఈ మాట ఇవాళ చెప్పలేకపోయాను. రేపు చెప్తాను.

జూలై 31

చెప్పాను. "అన్నం తిను," అంది.

అక్టోబరు 13, 1946. ఆదివారం

ఎర్ర చిగురు చెట్లు ఏడు బతికాయి. ఈ ఏడు అయిదు కాశాయి. మొదట పండిన నాలుగు చెట్లవీ కోసి చూశాను. గట్టివే, కాని చప్పన. ఒకటి మరీ అధ్వాన్నం, అజీజ్‌నగర్ తాతను మించింది. మిగిలింది బావికి దగ్గరగా ఉన్న చెట్టు. దానికి రెండే పండ్లు. రెండూ బుధవారం కండ్లు తెరిస్తే కోసి గడ్డిలో పెట్టాను.

"ముందు ఒకటి తిని చూసుకో కొడుకా. దేవునికి తొందర లేదు," అంది అవ్వ. నాలుగేళ్ళ కింద నేను అరిచింది ఆమె మరిచిపోలేదు. నేనే ఒక పండు తీసి, రుచి చూడకుండా, ఇవాళ కోతపండుగ గంపలో పెట్టాను.

వేలానికి బాల్‌రాజ్ భార్యతో సహా వచ్చాడు. పెద్దమనిషి పండు పైకెత్తి, "పండు పాడినోళ్ళది, గింజలు పంతులువి!" అని కేకేశాడు. వాకిలంతా నవ్వింది. బాల్‌రాజే పాడుకున్నాడు. కౌసల్యమ్మ పద్మమ్మ దగ్గరికి పోయి తల వైపు అదో రకంగా చూసింది. "నీ దువ్వెన మంచిగ పనిచేసిందక్కా," అంది పద్మమ్మ, నా వైపు చూస్తూ.

బాల్‌రాజ్ వాకిట్లోనే పండు విప్పి, ఒక తొన నోట్లో వేసుకుని, నన్ను చూశాడు. రెండో తొన తీసి కౌసల్యమ్మకు ఇచ్చాడు. ఎట్లుందని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. గింజలు ఏరి చేతికి ఇస్తూ, "ఇంటికి పోయి రెండోది తిను పంతులూ," అన్నాడు.

రెండోది ఇంట్లో గడ్డిలో ఉంది. నాలుగు రోజులైంది. ఎక్కడా పగల్లేదు. విప్పి మొదటి తొన అవ్వకు ఇచ్చాను. అవ్వకు పళ్ళు రెండో మూడో మిగిలాయి. నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు చప్పరించింది. ఒక గింజ నా అరచేతిలో ఉమ్మింది.

"ఎట్లున్నది అవ్వా?" అన్నాను.

ఇంకో తొన తానే తీసుకుంది. అదీ అయ్యాక అటక వైపు చూసింది.

"గంప దించు కొడుకా," అంది. "దుమ్ము దులుపాలె."

స్టూలు వేసుకుని గంప దించాను. నా కళ్ళలో నీళ్ళు చూసి దుమ్ము పడిందా అంది పద్మమ్మ. అవును అన్నాను. అవ్వ నన్ను చేయి చాపమని, ఇంకో గింజ ఉమ్మింది.